రేకు తెరిచే ఉంది

పన్నెండో రోజు

కట్టె: నీలగిరి, పచ్చిది. బూడిద: తియ్యలేదు. గొట్టం: కమిటీవాళ్లు విప్పి చూసి మళ్లీ బిగించారు. రేకు:

ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఈ పుస్తకం ఇన్నాళ్లూ నా కూతురు లోవ రాసేది. పొయ్యి వెలిగించడం, బూడిద ఎత్తడం, గొట్టం తోమడం నా పని. రాత దాని పని. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ ఏడే సముద్రం మా బడిని తీసుకుపోయింది, తరవాత ఊరిని. లోవ ఇక్కడే, కొండ మీద, తొమ్మిదో మెట్టు మీద ఉన్న ఈ ఇంట్లోనే పుట్టింది. పద్నాలుగేళ్లు. నిన్న పదకొండో రోజు దినం చేశాం.

ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఇలాంటి పుస్తకం తాడుతో కట్టి ఉంటుంది. రోజూ రాయాలి. పొగ కమిటీ కుమారి మేడం పొద్దున వచ్చి చూసింది. పదకొండు రోజుల ఖాళీని మన్నించామంది.

"ఇవాళ్టి నుంచి రాయండమ్మా. ముప్పయ్యో రోజు విచారణ. ఈ పుస్తకం మాకు కావాలి."

ఆవిడ వెళ్లాక మా అత్త అచ్చియ్యమ్మ మంచం మీంచి అంది. "ఒలే ముత్తేలూ, రాయవే. రాయకపోతే పొయ్యికి సీలేసెత్తారు. నాను సలికి సత్తాను."

"రాత్తాను అత్తా."

"గుంట రాసినట్టు గుండ్రంగా రాయి."

నావి లోవ అక్షరాల్లా గుండ్రంగా రావు.


పదమూడో రోజు

కట్టె అదే. రేకు గడి ఖాళీ.

విచారణ నా మీద కాదు. బంగారయ్య మేస్త్రి మీద. ఈ మెట్టు మీద పొయ్యిలన్నిటికీ గొట్టాలు బిగించేది ఆయనే. లోవ పోయిన మర్నాడు కమిటీవాళ్లు గొట్టం విప్పుతుంటే అతుకు దగ్గర వేలు పట్టేంత సందు కనపడిందట. నెల ముందు ఆ అతుకు వేసింది బంగారయ్య. అందులోంచి గుడ్డిపొగ గదిలోకి వచ్చిందన్నారు. గుడ్డిపొగ కంటికి కనపడదు, వాసన రాదు, నిద్రపోతున్నవాళ్లని నిద్రలోనే తీసుకుపోతుంది.

తప్పు ఆయనదే అని తేలితే కిందికి దించేస్తారు. కింద అంటే లోయ అడుగు. ఆకాశానికి మూత పడ్డాక మా పొగంతా పైకి పోకుండా వెనక్కి జారి అక్కడికే చేరుతోంది. అక్కడికి దించినవాళ్లు రెండు చలికాలాలు దాటినట్టు నేను వినలేదు.

మూత వేసింది మనుషులే. ఎండలు తగ్గిద్దామని ఆకాశంలో ఏదో పొడి చల్లారు. తగ్గాయి. ఈ పదకొండేళ్లుగా సూర్యుణ్ణి కన్నార్పకుండా చూడొచ్చు, మజ్జిగలో పడ్డ వెన్నముద్దలా ఉంటాడు. రోజూ పొద్దున్నే కట్టెల మీద పడ్డ బూడిదరంగు పొడిని గుడ్డతో తుడిచి లోపలికి తెచ్చుకుంటాం. తుడవకపోతే అది మంటలో మెరిసి అద్దంలా గడ్డకడుతుంది.


పదిహేనో రోజు

కట్టె: నీలగిరి. విరిస్తే లోపల చెమ్మ వేలికి తగిలింది. బూడిద: రెండు వేళ్ల మందం ఉంచి మిగతాది ఎత్తేశాను. పూర్తిగా ఊడ్చేస్తే నిప్పు నిలవదు. గొట్టం: తారు పట్టింది, తోమాలి.

ఈ పొయ్యిని నేనే ఎంచుకున్నాను. ఐదేళ్ల కిందట కమిటీ రెండు రకాలు తెచ్చి బడి ముందు పెట్టింది. ఒకటి చిన్నది, పల్చటి రేకుది, పక్కల నిండా గాలి కన్నాలు. రెండోది పోత ఇనుముది, ఏనుగుపిల్లలా ఉంది. ఇంటికి ఒకటి, ఏది కావాలంటే అది తీసుకోండన్నారు. బంగారయ్య చిన్నదాని మూత మీద చెయ్యి వేసి చెప్పాడు.

"మీ గది ఎంత? ఇంతుంది. దీనికి ఇదే ఎక్కువ. సిన్న పొయ్యి గట్టిగా మండుద్ది, పొగుండదు. పెద్దదానికి కడుపు నిండదు, మీరు నింపలేరు. మూలుగుతా ఉంటది. మూలిగితే మసి, తారు, గుడ్డిపొగ. నా మాట ఇను."

నేను పెద్దదే తీసుకున్నాను. రాత్రంతా వేడి నిలుస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే పక్కింటి వరాలు పెద్దది తీసుకుంది కాబట్టి తీసుకున్నాను. తొమ్మిదేళ్ల లోవ మాత్రం చిన్నదాని చుట్టూ తిరిగి, "అమ్మా, దీనికి మొహముంది సూడు," అంది. గాలి కన్నాలు రెండు కళ్లలా ఉన్నాయి.

బంగారయ్య ఇంకేమీ అనలేదు. పెద్దదాన్నే మోసుకొచ్చి బిగించాడు. బిగించాక పైన గొట్టంలో అడ్డంగా తిరిగే రేకు చూపించాడు. దాని పిడి పొయ్యి వెనక ఉంటుంది. పిడి ఎత్తితే దారి తెరుచుకుంటుంది, దించితే మూసుకుంటుంది.

"ఇది నిప్పు పూర్తిగా ఆరేకే దించాలి. లోపల ఒక్క నిప్పుకణిక ఉన్నా దించొద్దు. తెలిసిందా ముత్తేలమ్మా?"

తెలిసిందన్నాను.


పద్దెనిమిదో రోజు

రేకు గడి ఖాళీ పెట్టడం కుమారి మేడం చూస్తే అడుగుతుంది. అడగనీ.

ప్రతి ఇంటి గొట్టం పైన కమిటీ ఒక కన్ను పెట్టింది. రోజుకు మూడుసార్లు, పొద్దున, మధ్యాహ్నం రెండు గంటలకు, దీపాలవేళ బడి దగ్గర గంట కొడతారు. అప్పుడు కన్ను తెరుచుకుని మా పొగను చూస్తుంది. పొగ మంచిదైతే చూరు కింద దీపం తెల్లగా వెలుగుతుంది. చెడ్డదైతే పసుపు, మరీ చెడ్డదైతే ఎరుపు. నెలలో మూడు ఎరుపులొస్తే పొయ్యికి సీలు. సీలు పడ్డ ఇంటివాళ్లు పెద్ద కొట్టంలోకి పోవాలి. అరవై మందికి ఒక్క పొయ్యి. ముసలివాళ్లకు నిప్పు దగ్గర చోటు దొరకదు.

మాకు ఇచ్చే కట్టె పచ్చిది. డిపోకి వచ్చే ముందురోజు కొట్టింది. కొట్టిన కట్టె రెండు ఎండాకాలాలు ఆరితేగానీ పొగ లేకుండా మండదని బంగారయ్య అందరికీ చెప్పాడు. రెండేళ్లు కట్టె పక్కన పెట్టుకుని చలికి కూర్చునేవాళ్లు ఎవరు?

అందుకని గంట వినగానే కొండ మీద ఆడవాళ్లందరం ఒక పని చేస్తాం. రేకు దించేస్తాం. పొగ బయటికి పోదు, కన్నుకు ఏమీ కనపడదు, దీపం తెల్లగా వెలుగుతుంది. తలుపులు బార్లా తీసి, దగ్గుకుంటూ వాకిట్లో నిలబడి, కన్ను మూసుకునే దాకా ఒకరినొకరు ఆటలు పట్టిస్తాం. తరవాత లోపలికి పోయి ఎత్తేస్తాం. అంతా కలిపి ఒక ఆకువక్క నమిలేంత సేపు. ఎవరు మొదలెట్టారో తెలియదు. తప్పని ఎవరికీ అనిపించలేదు. పుస్తకంలో మాత్రం అందరం రాస్తాం, రేకు తెరిచే ఉంది అని.

ఇవాళ వరాలు వచ్చింది. అంబలి తెచ్చి పెట్టి నా పక్కన కూర్చుంది.

"ఒదినా, ఇసారణలో నిన్ను అడుగుతారు."

"అడుగుతారు."

"నువ్వేటి సెప్తావు?"

నేను అంబలి గిన్నె పక్కకు జరిపాను.

"అతుకు ఊడిందన్నారు కదా. ఆళ్లే అన్నారు, మనం అన్లేదు. అక్కడితో ఒగ్గేయ్. నువ్వు రేకు మాట ఎత్తినావంటే ఒక్క నీ ఇల్లు కాదు. ఈ కొండంతా ఇప్పి సూత్తారు. మా ఇంట్లో ఇద్దరు పసిగుంటలున్నారు ఒదినా."

"బంగారయ్యకి ఎవులున్నారే?"

"ఎవులూ లేరు. అదే సెప్తన్నాను," అంది వరాలు. అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. అంబలి గిన్నె ఇక్కడే ఉంది.


పంతొమ్మిదో రోజు

ఇవాళ కట్టె, బూడిద రాయను. జరిగింది రాస్తాను.

ఆ రోజు లోవకు జ్వరం. మా అత్తను వాకిలి చివర నీరెండలో కూర్చోబెట్టాను. లోవ పైన మూడు దుప్పట్లు కప్పి, గాలి రాకుండా తలుపు వేసి, తలుపు కింద సందులో గోనెగుడ్డ దోపాను. పొయ్యి నిండా కట్టె వేశాను. లోవ అంది, "అమ్మా, ఇవాళ నేను ఆరబెట్టిన కట్టెలెయ్యవా? పొగ రాదు." నేను వద్దన్నాను. ఇంకా చలి ముదరలేదు, దాచుకుందామన్నాను.

రెండు గంటల గంట కొట్టారు. రేకు దించాను. తలుపు తియ్యలేదు, పిల్లకు గాలి తగులుతుందని. ఒక ఆకువక్క సేపే కదా అనుకున్నాను. అంతలో డిపోకి బండి వచ్చిందని కేక. ఆలస్యంగా పోతే అడుగున ఉన్న తడికట్టె మన మొహాన కొడతారు. చప్పున పోయి వచ్చేద్దామని పోయాను. వరస పెద్దదిగా ఉంది. నా ముందు పదకొండుమంది. నాకు రేకు గుర్తుంది. మరిచిపోలేదు. ఇంకో ఇద్దరు, ఇంకో ఇద్దరు అనుకుంటూ నిలబడ్డాను.

మోపు ఎత్తుకుని వచ్చేసరికి తలుపు వేసినట్టే ఉంది. తీశాను. లోవ పక్కకు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జ్వరం అనుకోవచ్చు. నేను అనుకోలేదు, గుడ్డిపొగ తీసుకుపోయినవాళ్ల బుగ్గలు అలాగే ఉంటాయి, చూడగానే తెలిసింది.

తెలిశాక నేను చేసిన మొదటి పని పొయ్యి వెనక్కి పోయి రేకు ఎత్తడం. ముందు రేకు ఎత్తాను. తరవాత పిల్ల దగ్గరికి వెళ్లాను.

కమిటీవాళ్లు వచ్చి "రేకు తెరిచే ఉందా?" అని అడిగారు. తెరిచే ఉందన్నాను. వాళ్లు చూస్తే తెరిచే ఉంది.


ఇరవై ఒకటో రోజు

కట్టె: సరుగుడు, సగం ఆరింది. బూడిద తీశాను. గొట్టం: బంగారయ్య తోమాడు.

ఆయన పనిముట్లు కమిటీ తీసేసుకుంది. ఒక్క గొట్టంబ్రష్షు మాత్రం దాచుకున్నాడు. దాన్ని కర్రలా పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మా అత్త మంచం మీంచే అంది.

"ఎవులది? బంగారయ్యా? ఇంకా దించలేదేటి నిన్ను?"

"ముప్పయ్యో రోజుకి ముహూర్తం పెట్టినారు పిన్నీ. పల్లకీ రావాలి."

"సేపలు పట్టుకునేవోడివి, బుద్ధిలేక ఇనపగొట్టాలు పట్టుకున్నావు."

"సముద్రం మనల్ని ఒగ్గేస్తే నేనేటి సేస్తాను పిన్నీ."

లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. పాత అలవాటే. పొయ్యి తలుపు తీసి, ఈ పుస్తకంలోంచి ఒక ఖాళీ కాగితం చింపి, ముక్క తలుపు అంచున పెట్టి మూసి లాగాడు. కాగితం కదల్లేదు. అంటే తలుపు చుట్టూ గాలి చొరకుండా పెట్టిన తాడు బాగానే ఉంది. నాలుగు వైపులా అలాగే చూశాడు. కింద మూల మాత్రం కాగితం జారి వచ్చేసింది.

"ఇక్కడ తాడు నలిగింది. మార్చాల. ఎవరైనా మారిస్తే."

అప్పుడు చెప్పాను. నిల్చునే చెప్పాను, పంతొమ్మిదో రోజు రాసిందంతా.

ఆయన కాగితం ముక్కను మడతలు పెడుతూనే ఉన్నాడు.

"నేను బిగించిన అతుకు ఊడదు," అన్నాడు చివరికి. "ఈ ఇరవై రోజులూ నా సెయ్యే నన్ను తినేస్తంది, ఆ రోజు సరిగ్గా కొట్టలేదేమోనని."

"ఇసారణలో సెప్తాను."

"పొయ్యి పోద్ది నీది. పిన్నికి సలి."

మా అత్త గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాం. "సెప్పనీ," అంది అటు తిరిగే.


ఇరవై నాలుగో రోజు

కట్టె: సిల్వర్ ఓక్. ఆరింది. పూర్తిగా ఆరింది.

లోవ కట్టెలు తీశాను.

వారానికొక మోపు వస్తే అందులోంచి రెండు కట్టెలు అది పక్కన పెట్టేది. నేను గదమాయించినా వినేది కాదు. గోడకు దూరంగా, నేల తగలకుండా రాళ్ల మీద, బెరడు పైకి వచ్చేలా పేర్చింది. పైన రేకు, పక్కలకు గాలి. ఒక్కో కట్టె మీదా సుద్దతో తేదీ. రెండేళ్ల పైమాట. లెక్కపెట్టాను, రెండు వందల పద్దెనిమిది. "ఈ సలికి మనం రేకు దించక్కర్లేదమ్మా. తెరిచే ఉందని రాస్తే తెరిచే ఉంటాది," అనేది. అబద్ధం రాయడం దానికి ఇష్టం లేదు. రోజుకు మూడుసార్లు నేను చెప్పి రాయించేదాన్ని. పెన్ను పట్టుకుని నా మొహం వైపు చూసేది.

రెండు కట్టెలు ఒకదానికొకటి తగిలించాను. ఖణేల్మన్నాయి. పచ్చివి దబ్బుమంటాయి. బెరడు చేత్తో లాగితే ఊడి వచ్చేసింది. పెద్దవి అడుగున, సన్నవి పైన పెట్టి, పైనుంచి వెలిగించాను. అలా వెలిగించమని బంగారయ్య చెబుతుంటే ఇన్నేళ్లూ నవ్వేవాళ్లం. మంట మెల్లగా కిందికి దిగింది. ఏ చప్పుడూ లేదు. పొయ్యి మూలగలేదు.

రెండు గంటల గంట కొట్టింది. నేను రేకు దగ్గరికి పోలేదు. వాకిట్లోకి వచ్చి గొట్టం పైకి చూశాను. వేడికి గాలి వణుకుతోంది, అంతే. దీపం తెల్లగా వెలిగింది.

లోపలికి వచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేకపోయాను. ఆ రోజు అది అడిగినప్పుడు ఇవే పన్నెండు కట్టెలు వేసి ఉంటే సరిపోయేది.

రోజుకు పన్నెండు. పద్దెనిమిది రోజులు వస్తాయి.


ముప్పయ్యో రోజు

కట్టె: లోవది. బూడిద తెల్లగా, పిండిలా ఉంది.

బడి షెడ్డులో విచారణ. కుమారి మేడం, ఇంకో ఇద్దరు బల్ల వెనక కూర్చున్నారు. తొమ్మిదో మెట్టు ఆడవాళ్లంతా వచ్చారు. బంగారయ్య ఒక మూల బ్రష్షు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను పిలవకముందే లేచి చెప్పేశాను. రేకు దించాను, తలుపు వేశాను, డిపోకి పోయాను, వచ్చాక ఎత్తాను. అతుకు మీరు విప్పినప్పుడు ఊడింది.



కుమారి మేడం కసురుకోలేదు. చాలా మెల్లగా మాట్లాడింది. ఈ పుస్తకం ముందుకు జరిపి, నేను రాసిన పేజీలు దాటేసి, వెనక పేజీలు తిప్పింది.

"చూడండమ్మా. రెండేళ్ల నాలుగు నెలలు. రోజుకు మూడుసార్లు. ప్రతిసారీ 'రేకు తెరిచే ఉంది'. కన్ను కూడా ప్రతిసారీ తెల్లగానే చూపించింది. ఇంత శ్రద్ధగా ఉన్న పుస్తకం ఈ కొండ మీద ఇంకొకటి లేదు. ఇదంతా మీ అమ్మాయి అబద్ధం రాసిందంటారా?"

గుండ్రటి అక్షరాలు. ప్రతి పేజీలో.

"నేను సెప్పి రాయించాను మేడం. దాని తప్పేటీ లేదు."

"చనిపోయే ముందురోజు పేజీలో కూడా ఉంది."

"అదీ నేనే సెప్పాను."

ఆవిడ అటు తిరిగి ఆడవాళ్లను అడిగింది. "మీ ఇళ్లలో ఎవరైనా గంట కొట్టినప్పుడు రేకు దించుతారా?" ఒక్కొక్కరినీ అడిగింది. వరాలు వంతు వచ్చింది. "మా ఇంట్లోనా? ఎప్పుడూ లేదమ్మా," అంది. నా వైపు చూడలేదు. పదకొండుమందిని అడిగితే పదకొండుమందీ అదే అన్నారు. ఆ రోజు డిపో దగ్గర నా ముందు నిలబడ్డవాళ్లు కూడా పదకొండుమందే. వాళ్లు వీళ్లేనా అన్నది నేను గుర్తుచేసుకోలేదు.

బల్ల వెనక ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. తరవాత కుమారి మేడం నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"బిడ్డ పోయిన తల్లికి తప్పు తనదే అనిపిస్తుందమ్మా. మాకు తెలుసు. దాన్ని మేము రాసుకోము."

నా మాట రాసుకోలేదు. లోవ రాసింది రాసుకుని, పుస్తకం నాకు తిరిగిచ్చారు.


ముప్పై ఒకటో రోజు

కట్టె: లోవది.

బంగారయ్యను పొద్దున దించారు. పోయే ముందు ఇటు వచ్చాడు. పొయ్యి తలుపు కింద మూలకు కొత్త తాడు వేశాడు, ఎక్కడ సంపాదించాడో.

"సెప్పినావు కదా. సాలు," అన్నాడు.

"ఏటి సాలు మామా? నిన్ను దించేస్తన్నారు."

"అతుకు నాది కాదని నాకు తెలిసింది. లేకపోతే అది మోసుకుని దిగేవోణ్ణి."

బ్రష్షు నా చేతికి ఇచ్చాడు. కింద తోమడానికి గొట్టాలుండవన్నాడు. మెట్లు దిగుతుంటే తొమ్మిదో మెట్టు ఆడవాళ్లంతా తలుపులు వేసుకున్నారు. మా అత్త మాత్రం నా భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది, ఆయన తల పొగలో మునిగే దాకా.

సాయంత్రం పట్టుకారుతో రేకును గొట్టంలోంచి ఊడబెరికాను. పిడితో సహా లోయలోకి విసిరేశాను. అత్త అడిగింది, "ఏటా సప్పుడు?" చెప్పాను. "మంచి పని సేసినావు," అంది. చెయ్యి చాపి, "నా దుప్పటి ఇలా ఇయ్యి," అంది.


ముప్పై ఎనిమిదో రోజు

కట్టె: లోవది, కిందటి చలికాలం పెట్టినవి. వీటిని తగిలిస్తే ముందువాటిలా మోగడం లేదు. పొద్దున తెలుపు, రెండింటికి పసుపు, దీపాలవేళ పసుపు. గొట్టం తోమితే బ్రష్షుకు జిగురుగా తారు వచ్చింది.

వరాలు గోడ మీంచి పిలిచింది. ఎనిమిది రోజుల తరవాత.

"ఒదినా, రేకు దించు. పసుపొచ్చింది నీకు."

"రేకు లేదే."

"లేకపోడమేటి?"

"పారేశాను."

నోరు తెరుచుకుని చూసింది. "పిచ్చిదానా, ముసల్దాన్ని సంపేసుకుంటావు."

"నువ్వు దించినప్పుడు తలుపు తియ్యి వరాలూ. పసిగుంటల్ని బైటికి తీసుకొచ్చి అప్పుడు దించు. నా ఎదురుగా తియ్యి. నాకు కనపడేలాగ."

అప్పటి నుంచి గంట కొట్టగానే వాకిట్లో ఇద్దరు పిల్లలూ కనపడుతున్నారు.


నలభై ఒకటో రోజు

కట్టె: లోవవి, ఆఖరివి. పసుపు, పసుపు, పసుపు.

రెండు మిగిలాయి. ఒకటి సాయంత్రం వేశాను. రెండోదాని మీద ఉన్న తేదీ లోవ మంచాన పడ్డ వారానిది. సుద్ద చెరిగిపోలేదు. సున్నా గుండ్రంగా ఉంది. దాన్ని తీసి లోవ బట్టల పెట్టెలో పెట్టబోయాను.

"ఏటది?" అంది అత్త.

"ఒక్కటి దాస్తాను."

ఆమె మంచం దిగింది. నెల నుంచి తనంతట తాను దిగలేదు. గోడ పట్టుకుని వచ్చి కట్టె నా చేతిలోంచి లాక్కుని పొయ్యిలో పెట్టింది.

"దాసింది సాలు," అంది.

అది పచ్చిది. చాలాసేపు బుసకొట్టింది. చివర నురగ వచ్చింది. సుద్ద ముందు నల్లబడి, తరవాత కట్టె అంటుకుంది. ఇద్దరం దాని ముందే కూర్చున్నాం.


నలభై మూడో రోజు

కట్టె: డిపో నీలగిరి, పచ్చిది. సన్నగా చీల్చాను. పొయ్యి చుట్టూ పేర్చి చెమ్మ లాగాను. తక్కువ వేసి గట్టిగా మండించాను. గాలి పూర్తిగా వదిలాను. బంగారయ్య చెప్పినవన్నీ చేశాను. రెండింటికి ఎరుపు.


నలభై ఐదో రోజు

నిన్న మబ్బు దట్టంగా ఉందని గంట కొట్టలేదు. ఇవాళ పొద్దున ఎరుపు. రెండోది. కుమారి మేడం వచ్చి, "మీ ఇంట్లో ఎప్పుడూ ఎరుపు లేదు కదమ్మా, ఇప్పుడేమైంది?" అంది. పొయ్యి వెనకకు తీసుకుపోయి రేకు ఉండాల్సిన చోటు చూపించాను. వంగి, ఖాళీ సందులో వేలు పెట్టి చూసింది. వేలికి అంటిన మసిని కాగితంతో తుడుచుకుంది.

"కొత్తది పెట్టించుకోండి. రేపు రెండు గంటల దాకా వచ్చేవి లెక్కపెట్టను," అంది. అంటూ నా కళ్లలోకి చూడలేదు. ఆవిడ ఇంట్లోనూ పొయ్యి ఉంటుంది.

కొత్తది పెట్టేవాళ్లు ఎవరూ లేరు. ఉన్నా పెట్టించను.


నలభై ఆరో రోజు

కట్టె: నీలగిరి, పచ్చిది. బూడిద: రెండు వేళ్ల మందం ఉంచి మిగతాది ఎత్తాను. గొట్టం: పొద్దున తోమాను. తలుపు తాడు: నాలుగు వైపులా కాగితం పట్టింది.

రెండు గంటల గంట కొట్టారు. అత్తను రెండు దుప్పట్లు కప్పి వాకిట్లో కూర్చోబెట్టాను. పక్కింటి పిల్లలు బయటికి వచ్చారు. కొండ మీద కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా గొట్టాలన్నీ ఒక్కసారే ఊపిరి బిగబట్టాయి. ఒక్క పోగు పొగ లేదు ఎక్కడా. చూరుల కింద వరసగా తెల్ల దీపాలు వెలిగాయి. మా గొట్టం ఒక్కటే గోధుమరంగు పొగ కక్కుతూ ఉంది. అది పైకి పోలేదు. చూరు మీంచి జారి, మెట్ల మీదుగా కిందికి, బంగారయ్య ఉన్న వైపు పోయింది. దానికి మందు నా దగ్గర లేదు.

మా దీపం ఎర్రగా వెలిగింది. మూడోది.

"ఏ రంగే?" అంది అత్త. ఆమెకు దూరం ఆనదు.

"ఎరుపు అత్తా."

"సరే. కొట్టంలో కిటికీ పక్కన సోటు ఒద్దని సెప్పు. అక్కడ గాలి కొడతాది."

సీలు వేసేవాళ్లు సాయంత్రం లోపు వస్తారు. ఈ పుస్తకం తాడు కోసి పట్టుకుపోతారు. చదువుతారో లేదో తెలియదు. అందుకే అక్షరాలు దిద్ది దిద్ది రాస్తున్నాను. ఒక్క గడి మిగిలింది. దాన్ని లోవ ఎలా రాసేదో అలాగే రాస్తాను.

రేకు: తెరిచే ఉంది.